శివారు వంతు

నరసాపురం కాలువ మీద లాకు దగ్గర
ఇరవై రెండేళ్ళుగా లస్కరుని.
చెప్పుకుంటే చిన్న పని.
తలుపులెత్తడం, దించడం,
గేజి రాయి మీద నీళ్ళెంతున్నాయో
పొద్దున్నే పుస్తకంలో రాయడం.

పైవాళ్ళు రాత్రి ఏం తిన్నారో
ఆ పుస్తకం తెరవకముందే నాకు తెలిసిపోయేది.
గుర్రపుడెక్కతో కలిసొచ్చి తలుపుకి తగులుకునేవి
బిర్యానీ పొట్లాలు, కేకు కింది అట్టలు,
ఒక్క కొరుకు కొరికి వదిలేసిన బొబ్బట్లు.
పెద్ద ముహూర్తం వెళ్ళిన మర్నాడు
కొంకికర్రకి చేతినిండా పని.
తిన్నదరక్క పారేస్తున్నారని
తిట్టుకుంటూ లాగేవాణ్ణి.
ఆ తిట్టుకోవడంలో ఒక సుఖముంది,
జీతం మీద బత్తెంలాగా.

మొన్న ఫాల్గుణంలో మా హేమకి ఓణీలు వేశాం,
పై వంతెన పక్క హాల్లో.
రెండొందల మందికి చాలండీ అన్నాడు వంటల బుల్లెబ్బాయి.
"మూడొందలకి చెయ్యి, తక్కువైందనిపించుకుంటామా?"
ఆ మాట నాది. అప్పూ నాదే.
ఇరవై ఆరు రకాలు.
అదే పూట ఊళ్ళో ఇంకో మూడు పందిళ్ళు.
నూట డెబ్భై ఆకులు లేచాయి.
మిగిలిందేం చేశావని బుల్లెబ్బాయిని అడగలేదు.
అడగకుండా డబ్బులిచ్చి పంపేశాను.

తెల్లారగట్ల డ్యూటీకొచ్చేసరికి
గుర్రపుడెక్క దుబ్బుల మీద తెల్లగా, బారులుగా.
కొంగలనుకున్నాను.
అదిలించాను. లేవలేదు.
కొంకి వేసి లాగితే, అన్నం.
దాని వెనకాలే, తొందరేం లేనట్టు వస్తోంది
ఆవపెట్టిన పనసపొట్టు కూర.
మార్టేరులో బేరమాడి ఆ కాయలు తెచ్చింది నేను.
దగ్గరుండి ఆవ నూరించింది మా తాయారు.
రాత్రంతా నీళ్ళమీద ఉన్నా
ఘాటు ముక్కుకి తగిలింది.

లాకు గట్టు మీద ఏసురత్నం కూర్చునున్నాడు,
పక్కన సైకిలు, చేతిలో ఇంకా ఆర్పని టార్చి.
శివారులో ఎకరంన్నర కౌలు.
దాళ్వా చేను పొట్ట మీదుంది,
శివారు వంతు రావడానికి రెండు రోజులుంది.
"రెండంగుళాలు వదలండి బాబూ, రెండంటే రెండే,"
అని మూడు రాత్రుల్నించి అడుగుతున్నాడు.
వంతు వంతే, రూలొప్పదు,
అని మూడు రాత్రుల్నించి చెబుతున్నాను.

లేచొచ్చి, వంగి,
దుబ్బు మీంచి ఒక మెతుకు తీశాడు.
వేళ్ళ మధ్య నలిపి చూసి
"సన్నాలండి. పాత బియ్యం," అన్నాడు,
తిరునాళ్ళలో తప్పిపోయిన చుట్టాన్ని
పోల్చుకున్నట్టు.
ఇది ఎవరిదని అడుగుతాడేమోనని చూశాను.
టార్చి ఆర్పి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ రోజు పుస్తకంలో నాలుగడుగుల మూడంగుళాలని రాశాను.
అన్నం ఎన్నంగుళాలో రాయడానికి
అందులో గడి లేదు.

ఇప్పుడు మా ఇంట్లో సోలతో కొలిచి ఎసట్లో పోస్తున్నాం.
రాత్రిది మిగిలితే తెల్లారి చద్ది, ఉల్లిపాయ.
నాన్న అన్నానికి కూడా వంతులు పెట్టాడని హేమ నవ్వుతుంది.
భోజనాలకెళ్తే, వడ్డించేవాడి గరిటెకి
ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం నేర్చుకుంటున్నాను.
మొహమాటానికి రెండుసార్లు ఓడిపోయాను.
మా బావగారైతే పిసినారన్నాడు, పదిమందిలో.
కాలువలోకి ఇంకా వస్తూనే ఉన్నాయి అట్టలూ, పొట్లాలూ.
లాగుతూనే ఉన్నాను,
నోట్లోకి తిట్టు మాత్రం రావడం లేదు.

కోతలయ్యాక ఏసురత్నం దగ్గరే రెండు బస్తాలు కొన్నాను.
ఎంతంటే, మిల్లువాడిచ్చే ధరే చెప్పాడు.
"బొండాలండి, మీకు లావవుతాయేమో" అన్నాడు.

లావే.
ఎక్కువసేపు నమలాలి.
నడుమ నడుమ ఒక తాలుగింజ తగులుతుంది,
ఏ రాత్రి నీళ్ళందలేదో
పంటి కింద చెబుతూ.